మంద్రధ్వని ఇల్లు చేరిన చరిత్ర

మృదంగ విద్వాంసుడు వేదిక మీద కూర్చుండగనే చేయు మొదటి పనిని శ్రోతలలో ననేకులు చూచియే యుందురు. చిన్న గిన్నెలో తడిపిన బొంబాయిరవ్వను ముద్దగా చేసి ఎడమవైపు తొప్పి నడుమ అద్దును. ఒకసారి వాయించి వినును. చాలదనిపించిన మరికొంచెము అద్దును. ఎక్కువైనచో వ్రేలితో గీసి తీసివేయును. ఆ ముద్ద బరువునకు చర్మము నెమ్మదిగా కంపించి నాదము క్రిందికి దిగును. కుడివైపునున్న నల్లని పూత యెన్ని కచేరీలకైనను అట్లే యుండును. ఆ పూత మహిమను గూర్చి సి. వి. రామన్ 1920లోనే ‘నేచర్’ పత్రికలో వ్రాసెను. ఎడమవైపు ముద్ద మాత్రము కచేరీ ముగియగనే తుడిచివేయబడును. మరునాడు మరియొక సభ, మరియొక ముద్ద.

ఈనాడు మన యిండ్లలో హోమ్ థియేటర్ అను పరికరముతో కూడ సబ్‌వూఫర్ అను పెట్టె యొకటి వచ్చుచున్నది. కుక్క మొరుగును తలపించునది గనుక మంద్రధ్వనుల స్పీకరునకు ఆంగ్లేయ భాషలో ‘వూఫర్’ అనియు, పిట్ట కిచకిచను తలపించునది గనుక తారధ్వనుల స్పీకరునకు ‘ట్వీటర్’ అనియు పేర్లు వచ్చినవి. వూఫర్ కంటెను క్రింది మెట్టునకు దిగునది సబ్‌వూఫర్. పెట్టె యింటికి వచ్చిన దినమున దానిని ఏ మూల ప్లగ్గు ఉన్నదో ఆ మూలకు నెట్టుదుము. మృదంగ విద్వాంసుడు తొప్పికి చేయు మర్యాదలో నూరవ వంతైనను మనము దానికి చేయము.

నేనును చేయలేదు. కొన్ని సంవత్సరముల క్రిందట అట్టి పెట్టెను కొని, పన్నెండడుగుల చదరపు గదిలో, కిటికీ ప్రక్క మూలలో నిలిపితిని. గది నట్టనడుమ నా పడకకుర్చీ. ఒక గాత్ర కచేరీ పెట్టి కూర్చుండగా తొప్పి నాదము నాకు దాదాపు వినరాలేదు. కావున పెట్టె వెనుకనున్న మీట త్రిప్పి ధ్వని పెంచితిని. గుమ్మమున నిలిచిన మా అక్కయ్య, “ఏమిట్రా ఈ దడ? గుమకీ లేదు, మీటు లేదు, అంతా ఒకటే బుం!” అనెను. నాలుగవ దినమున ప్రక్కవాటా పెద్దావిడ వచ్చెను. ఆమె గుండెజబ్బు మనిషి. “పాట ఒక్క ముక్క వినపడదు నాయనా, నా మంచం మాత్రం అదురుతోంది. గుండే అదురుతోందేమో అనుకుని రెండు రాత్రులు భయపడ్డాను” అనెను. నాకు సిగ్గు వేసినది. పెట్టె నాసిరకపుదని తలచి, దానిని మార్చి పెద్దది తెచ్చుకొనుటకు గూడ సిద్ధపడితిని. ఆ సందర్భముననే ఈ పెట్టె పుట్టుపూర్వోత్తరములను చదువవలసి వచ్చెను. చదివిన పిమ్మట పెట్టెను మార్చలేదు.

మంద్రధ్వని చిక్కంతయు దాని పొడవులో నున్నది. వెచ్చని గాలిలో ధ్వని సెకనుకు సుమారు 346 మీటర్లు ప్రయాణము చేయును. సెకనుకు 1000 కంపనములు గల ధ్వనితరంగము పొడవు ఒక అడుగు కంటె కొంచెమెక్కువ. 40 కంపనముల తరంగము ఎనిమిదిన్నర మీటర్లు దాటును. 20 కంపనములదైనచో పదునేడు మీటర్లు, అనగా మన యింటి వీధి గుమ్మము నుండి పెరటి గోడ వరకు చాచినను పట్టదు. ఇంత పొడవైన దానిని చిన్న వస్తువుతో పుట్టించుట కష్టము. పాశ్చాత్య దేవాలయములలో 16 కంపనముల స్వరమునకై ఆర్గన్ వాద్యమునకు ముప్పదిరెండడుగుల గొట్టమును అమర్చిరి.

తొలినాటి గ్రామఫోను ఈ కష్టమును ఎదుర్కొనలేదు, దానికి దూరముగా తొలగిపోయినది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినపుడు విద్యుత్తు ప్రసక్తి లేదు. గాయని బూరాలోనికి పాడవలెను; ఆ గాలి బలమే సూదిని కదల్చి మైనముపై గీత గీయవలెను. మంద్రధ్వనులకు ఆ సూది లొంగలేదు. పడమటి దేశపు వాద్యబృందములు ప్లేట్లకు వాయించునపుడు పెద్ద తంత్రీవాద్యమగు డబుల్ బేస్‌కు బదులుగా ఊదెడి ట్యూబాను కూర్చుండబెట్టుట పరిపాటి. ఆనాటి ప్లేట్లలో తాళవాద్యము దూరపు తలుపు తట్టినట్లు వినవచ్చును. వినువారు దానికే అలవాటు పడిరి; లోపమున్నదని గూడ తోచలేదు.

1925వ సంవత్సరము ఈ కథలో పెద్ద మలుపు. ఆ యేటనే మైక్రోఫోనుతో విద్యుత్ పద్ధతిలో రికార్డు చేయుట వాడుకలోనికి వచ్చెను. ఆ యేటనే అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అను నిరువురు తమ లౌడ్‌స్పీకరు వివరములను ప్రకటించిరి. అయస్కాంతము నడుమ తీగచుట్ట, దానికి అంటిన కాగితపు శంకువు – నేటికిని మన రేడియోలలో, టెలివిజన్లలో, సబ్‌వూఫర్‌లో నున్నది ఆ వంశమే. శంకువు ముందునకు కదలినపుడు ముందువైపు గాలి నొక్కుకొనును, వెనుకవైపు గాలి పలుచబడును. ఈ రెండును శంకువు అంచు చుట్టుకొని కలిసినచో ఒకదానినొకటి హరించును. పొట్టి తరంగములకు ఈ ప్రమాదము తక్కువ; పొడవైన మంద్ర తరంగములకు తప్పదు. కావున ముందును వెనుకను వేరుచేయుటకు పలక యొకటి కావలెను. పాత రేడియోల బరువైన కొయ్యపెట్టెను అలంకారమని మన పెద్దలు తలచిరి గాని, అది కొంతవరకు ఈ పలక పనియే చేయుచుండెను.

పలక సరిపోయినంత పెద్దదైనచో గదికి గది పట్టును. అందుచేత తరువాతి ముప్పదియేండ్ల చరిత్రయంతయు, వెనుకవైపు గాలిని ఏమి చేయవలెనను ప్రశ్న చుట్టునే తిరిగినది. బెల్ ప్రయోగశాలలోని ఆల్బర్ట్ థూరాస్ దానిని వ్యర్థము చేయనేల యనెను. పెట్టెకు రంధ్రము చేసి, ఆ రంధ్రపు గాలి తగిన స్వరమున ఊగునట్లు కొలతలు కూర్చినచో, వెనుకవైపు ధ్వని తలక్రిందులై ముందువైపు ధ్వనికి తోడు వచ్చును. 1930లో దరఖాస్తు చేసిన ఈ ఉపాయమునకు 1932లో పేటెంటు లభించెను. మీ సబ్‌వూఫర్‌కు చేయి పట్టునంత గొట్టపు రంధ్రము ఉన్నచో అది థూరాస్ వారసత్వము. దానిని గోడకు ఆనించి మూసివేయరాదు.

ఎడ్గార్ విల్చర్ దీనికి విరుద్ధమైన దారి త్రొక్కెను. ఆనాటి స్పీకర్లలో శంకువును పట్టియుంచు మడతలు బిగువుగా నుండెడివి. ఎక్కువ దూరము కదలినచో నాదము చెడెడిది. ఆ మడతలను వదులుచేసి, పెట్టెను గాలి చొరకుండ మూసివేసి, లోపలి గాలినే స్ప్రింగుగా వాడవచ్చునని ఆయన కనుగొనెను. 1954లో హెన్రీ క్లాస్‌తో కలిసి కేంబ్రిడ్జ్ నగరమున – ఇంగ్లండులోనిది కాదు, మసాచుసెట్స్‌లోనిది – కంపెనీ పెట్టి ఆ స్పీకరును అమ్మెను. బీరువాయంత పెట్టె చేయు పనిని పుస్తకాల అర పట్టు పెట్టె చేయుట జనమునకు వింతయైనది. ఐనను ఊరక రాలేదు. చిన్న పెట్టె, లోతైన మంద్రము, తక్కువ విద్యుత్తుతో గట్టి ధ్వని – ఈ మూడింటిలో రెండింటిని మాత్రమే కోరుకొనవచ్చును, మూడవది వదులుకొనవలెను. ఈ నియమమును రూపొందించిన ఆంటన్ హాఫ్‌మన్ ప్రసిద్ధ పియానో విద్వాంసుడు జోసెఫ్ హాఫ్‌మన్ కుమారుడు. సబ్‌వూఫర్ పెట్టెలోనే ప్రత్యేకముగా యాంప్లిఫయరు కూర్చుండుటకు మూలమిదే: చిన్న పెట్టెను, లోతును కోరుకొన్నాము గనుక విద్యుత్తుతో మూల్యము చెల్లించుచున్నాము.

కొలతల మాట వచ్చినది గనుక ఆస్ట్రేలియా వారిని తలపక తప్పదు. పెట్టె యెంత యుండవలెను, రంధ్రమెంత యుండవలెనను విషయమున వడ్రంగి అదృష్టమే చాలకాలము ప్రమాణమైనది. నెవిల్ థీల్ 1961లో రంధ్రపు పెట్టెలను విద్యుద్వలయముల వలె లెక్కవేయు పద్ధతిని ప్రచురించెను. మరుసటి సంవత్సరము ఆయన ఆస్ట్రేలియా ప్రసార సంస్థలో, అనగా మన బోటి రేడియో వారి కొలువులో చేరెను. ఆ వ్యాసము పదియేండ్లు బయటి దేశములకు దాదాపు తెలియకుండ పడియుండెను. 1970 తరువాత సిడ్నీ విశ్వవిద్యాలయములో రిచర్డ్ స్మాల్ దానిని విస్తరించి వ్రాసెను. ఈ యిరువురి పేర్లను కలిపి పిలుచు కొలతలు లేనిదే నేడు ఏ స్పీకరును ఎవరును గీయరు.

ఇంతవరకు నేను చెప్పిన వారిలో దాదాపు అందరును పెట్టెనే చూచిరి. కొలతలు తీయునపుడు గోడలు అడ్డురాని చోటనో, ధ్వనిని మ్రింగు ప్రత్యేక గదిలోనో పెట్టి కొలిచిరి. శాస్త్రమునకు అది న్యాయమే. భిన్నముగా ఆలోచించిన వాడు అర్కాన్సాస్ రాష్ట్రమందలి హోప్ అను చిన్న ఊరిలో 1946లో స్పీకర్ల పరిశ్రమ నెలకొల్పిన పాల్ క్లిప్ష్. ఆయన స్పీకరు మడతలు పెట్టిన బూరా. గది మూలలో నిలిపినచో రెండు గోడలును, నేలయు ఆ బూరాకు కొనసాగింపగును. గదిని వాద్యములో భాగముగా లెక్కించిన ఆ చూపు నాకు మిక్కిలి నచ్చినది. కాని మూలకు మరియొక గుణము కలదు. దానిని చెప్పుటకు ముందు సినిమాశాల సంగతి ముగించవలెను. ఏలయన పెట్టె మన యింటికి వచ్చినది ఆ దారిననే.

1974లో యూనివర్సల్ సంస్థ ‘ఎర్త్‌క్వేక్’ అను చిత్రమును విడుదల చేసెను. భూకంపదృశ్యములలో ప్రేక్షకుని ఆసనము అదరవలెనని, సెన్సరౌండ్ అను పేర పెద్ద పెద్ద మంద్రధ్వని పెట్టెలను సినిమాశాలలకు అద్దెకిచ్చిరి. హాలీవుడ్‌లోని చైనీస్ థియేటరులో కప్పు గచ్చు పెచ్చులూడి జనము మీద పడకుండ వల కట్టిరని చెప్పుదురు. ప్రక్క హాలులో వేరొక చిత్రము చూచువారికి దాని మాటల నడుమ ఈ భూకంపము వినవచ్చెనట. ఆ ప్రేక్షకుల అవస్థ చదివినపుడు నాకు మా ప్రక్కవాటా పెద్దావిడ జ్ఞప్తికి వచ్చెను. గోడలు తారధ్వనిని ఆపినంత సులభముగా మంద్రమును ఆపజాలవు. పాటలోని సాహిత్యము గోడకు ఈవల నిలిచిపోవును. దడ మాత్రము ఆవలకు పోవును.

1977లో ‘స్టార్ వార్స్’ చిత్రపు 70 మిల్లీమీటర్ల ప్రతులలో మంద్రమునకు ప్రత్యేకముగా ధ్వనిమార్గములు కేటాయించిరి. 1992లో ‘బ్యాట్‌మన్ రిటర్న్స్’తో డాల్బీ డిజిటల్ వచ్చెను. దానిలో ఐదు పూర్తి మార్గములును, 120 కంపనముల వరకు మాత్రమే పనిచేయు ఆరవ మార్గమును గలవు. ఆరవదానిని ‘పాయింట్ ఒకటి’ యనిరి. నిజమునకు లెక్కవేసినచో అది పూర్తి మార్గములో నూటికి ఒక వంతు గూడ కాదు. మర్యాదకు పెంచి చెప్పిన అంకె యది. 1996లో జపానులో డీవీడీ వెలువడుటతో ఈ యేర్పాటు ఇండ్లకు దిగివచ్చెను.

ఇంటిలో ఆ పెట్టెకు రెండు పనులు కలవు. సినిమాలోని ఆ పాయింట్ ఒకటి మార్గమును పలుకుట ఒకటి. చిన్న స్పీకర్లు మోయలేని మంద్రమును తాను మోయుట రెండవది. ఈ పంపకమునకు సరిహద్దుగా 80 కంపనములను నిర్ణయించుట, టామ్లిన్సన్ హోల్మన్ రూపొందించిన టీహెచ్ఎక్స్ నియమములతో ప్రసిద్ధమైనది. అంతకు క్రిందిది ఏ దిక్కు నుండి వచ్చుచున్నదో మన చెవులు దాదాపుగ పోల్చలేవు. నాలుగు మీటర్ల తరంగమునకు మన తల యొక గులకరాయి వంటిది. అందుచేతనే పెట్టెను ఎక్కడనైనను పెట్టవచ్చునని అమ్మువారందురు. చెవికి సంబంధించినంతవరకు ఆ మాట నిజము. గదికి సంబంధించినంతవరకు కాదు.

గదిలో నిలువ ధ్వనితరంగములు ఏర్పడు తీరును రేలీ ప్రభువు 1877, 78 సంవత్సరములలో వెలువడిన తన ధ్వనిశాస్త్ర గ్రంథములోనే లెక్కకట్టి చూపెను. ఎదురెదురు గోడల నడుమ దూరము ఏ తరంగములో సగమగునో, ఆ స్వరము గదికి ప్రియమైనది. గది దానిని పట్టుకొని ఊపును. మా గది సంగతి చూడుడు: పొడవు పన్నెండడుగులు, వెడల్పు పన్నెండడుగులు, ఎత్తు పదడుగులు. పొడవున 47 కంపనములు, వెడల్పున మరల అదే 47, ఎత్తున 57. పొడవు వెడల్పుల గోడలు నాలుగును కలిసి 67 వద్ద మరియొక స్వరమును పట్టుకొనును. ఒకటి శ్రుతి గాయకుని ఆధారషడ్జము సుమారు 131. తొప్పిని దానికి ఒక స్థాయి క్రింద కూర్చినచో 65. అనగా మా గది తొప్పి కొరకే కాచుకొని యున్నది!

ఆ స్వరము గోడల వద్ద, అందును మూలలలో అత్యధికముగను, గది నట్టనడుమ దాదాపు శూన్యముగను ఉండును. నా కుర్చీ నట్టనడుమ. అక్కయ్య నిలిచినది గుమ్మమున. ఒకే క్షణమున నేను వినకపోవుటయు, ఆమె చెవులు మూసికొనుటయు ఒకే కారణము వలననే. మూలయందు పెట్టిన పెట్టె గదికి ప్రియమైన స్వరములనన్నిటిని ఒక్కసారిగా రేపును. క్లిప్ష్ మూలకు బలము అధికమని కనుగొన్నది సత్యమే; ఆ బలము అన్ని స్వరములకు సమముగా పంచబడదు. అమెరికాలోని కొయ్యచట్రపు పలుచని గోడలు ఊగి ఈ మంద్రములో కొంత మ్రింగివేయును. మన ఇటుక గోడలు, సిమెంటు కప్పు దాదాపు యథాతథముగా త్రిప్పికొట్టును. అచ్చటి పుస్తకములలోని సలహాలు ఇచ్చట కొంత తక్కువగా పనిచేయుట ఇందువల్లనే. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును పదేసి అడుగులుగా కట్టిన గదులు మన ఊళ్ళలో కొల్లలు. వాటిలో మూడు జతల గోడలును 57 వద్ద ఏకమై ఒకే స్వరమును అరచును. అట్టి గదిలో ఎంత వెలగల పెట్టె యైనను ఏమి చేయగలదు?

ఉపాయము హాస్యాస్పదముగా నుండును గాని పనిచేయును. ధ్వని ఒకచోట పుట్టి మరియొకచోట వినబడుట, ఆ రెండు చోట్లను మార్చినను మారదు. కావున పెట్టెను మనము కూర్చొను చోట నుంచి, మంద్రస్వరములు నెమ్మదిగా మెట్లు దిగు సంగీతము పెట్టి, మనము గోడల వెంబడి నేలపై ప్రాకుచు వినవలెను. ఏ చోట స్వరములన్నియు ఎగుడుదిగుడు లేక సమముగా వినవచ్చునో ఆ చోటనే పెట్టెకు పీట వేయవలెను. నేను ప్రాకుచుండగా మా అక్కయ్య మనుమడు ఏనుగాట యనుకొని వీపు మీద ఎక్కెను. ముందుగా కుర్చీని నట్టనడుమ నుండి వెనుక గోడవైపు రెండడుగులు జరిపితిని. నట్టనడుమ శూన్యమును ఏ పెట్టెయు పూరింపజాలదు. పెట్టెకు దొరకిన చోటు ఎడమ గోడకు సుమారు నడుమ. అచ్చట నుండి మ్రోగినపుడు ఆ 67 కంపనముల స్వరము దాదాపు లేవదు.

పిమ్మట సరిహద్దు మీటను 80 వద్ద నిలిపితిని. ఫేజు అను మీట ఒకటి యుండును. పెద్ద స్పీకర్లు, ఈ పెట్టె ఒకేసారి ముందునకు త్రోయుచున్నవా, లేక ఒకటి త్రోయుచుండగా మరియొకటి లాగుచున్నదా యనునది దానితో తేలును. ఒకరు కుర్చీలో కూర్చుండి వినవలెను, మరియొకరు మీట త్రిప్పవలెను; నాదము ఎచ్చట నిండుగా నుండునో అదియే సరియైన స్థానము. మిగిలినది ధ్వని పరిమాణము. 1933లో ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు చూపినట్లు, మెల్లగా వినునపుడు మన చెవికి మంద్రము అన్నిటికంటె ముందుగా మాయమగును. రాత్రివేళ ధ్వని తగ్గించిన పిమ్మట ‘పెట్టె పలుకుట లేదు’ అని దాని మీటను మాత్రము పెంచుట ఈ భ్రమ వలననే. నా పద్ధతి యిది: పెట్టె ఉన్నట్లు తెలియరాదు, ఆపినచో లేనట్లు తెలియవలెను. నేను మొదట పెట్టిన స్థానము కంటె మీట సగమునకు దిగివచ్చెను.

ఒకటికి రెండు పెట్టెలు కొనగలవారికి మరియొక మార్గము కలదు. 2002లో టాడ్ వెల్టీ అను ఇంజనీరు అనేక అమరికలను లెక్కించి, ఎదురెదురు గోడల నడుమ రెండు చిన్న పెట్టెలుంచిన గదిలో ఎక్కడ కూర్చున్నను మంద్రము చాల సమముగా నుండునని చూపెను. నాలుగు గోడల నడుమ నాలుగున్నచో మరియు మేలు. అంతకు మించి పెంచిన లాభము లేదు. ఒక పెద్దదాని కంటె రెండు చిన్నవి మేలను ఈ మాట దుకాణములలో వినబడుట అరుదు.

అదే కచేరీని మరల పెట్టితిమి. తనియావర్తనములో గుమకీ సాగుట, మీటు విడివిడిగా పడుట కుర్చీ నుండి వినవచ్చెను. అక్కయ్య గుమ్మము వద్ద నిలిచి విని, ఏమియు అనక లోనికి వచ్చి కూర్చుండెను. మరునాడు నేను ప్రక్కవాటాకు పోయి, పెద్దావిడ మంచము మీద చేయి వేసి చూతునని చెప్పి, మా యింటిలో పాట పెట్టించితిని. లీలగా తెలియుచునే యుండెను. మంచమును ఉమ్మడి గోడ నుండి జానెడు జరిపితిమి. పెట్టె క్రింద మందపు రబ్బరు పలక వేసితిమి. “ఇప్పుడు ఫరవాలేదు బాబూ. తొమ్మిదింటికి నేను పడుకుంటాను, అది మాత్రం గుర్తుపెట్టుకో” అనెను. ఆ పెట్టె వెనుక ప్రత్యేకముగా స్విచ్చి యొకటి కలదు. తొమ్మిది గంటలకు దానిని ఆపివేసి, తరువాతి కచేరీని చిన్న స్పీకర్లతోనే విందుము.